ఎవరి కలికాలం?

మొన్న వేసవి సెలవుల్లో పెద్దారవీడులో ఉన్నాను. పొద్దున ఆరింటికి పల్లెలో ట్యాంకర్ కోసం చూస్తున్నాం. వరుసలో ఉండేవి నీలం డ్రమ్ములు, బిందెలు. మనుషులం వేపచెట్టు కింద కూర్చుంటాం. ట్యాంకర్ ముందు ఊళ్ళోకి పోతుంది. అక్కడ సగం ఖాళీ అయ్యాక మా పల్లె వైపు తిరుగుతుంది. నా చిన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

డిగ్రీ చదివే మా పక్కింటి కుర్రాడు ఫోన్లో 'ఇండిపెండెన్స్ డే' చూస్తున్నాడు. ఊరంత పళ్ళెం ఒకటి వైట్ హౌస్ మీద ఆగి, ఒక్క మంటతో దాన్ని పేల్చేసే సీను. "అన్నా, ఏలియన్స్ ఎప్పుడూ అమెరికాకే ఎందుకు పోతారు? మనోళ్ళు ఇట్టాంటి సినిమా ఎందుకు తీయరు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఇంటర్ చదివే వాళ్ళ చెల్లెలు అందుకుంది: "ఈడికొస్తే వాళ్ళు కూడా డ్రమ్ము పెట్టుకోని కూసోవాల. అందుకే రారు."

అందరం నవ్వాం. ఆ పిల్ల మాట మాత్రం నాతోపాటే ఉండిపోయింది. ఈ వారం వ్యాసం ఆ అన్నాచెల్లెళ్ళకి నా జవాబు.

తమ్ముడూ, మనోళ్ళు తీశారు. 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ' ఆ జాతి సినిమానే. అందులో వేరే గ్రహంవాళ్ళు లేరు. కానీ ఆకాశంలో వేలాడుతూ కింద ఉన్నవాళ్ళ నీళ్ళూ నెత్తురూ పీల్చే ఒక మహాకట్టడం ఉంది. దాని పేరు కాంప్లెక్స్. నాగ్ అశ్విన్ దర్శకుడు, వైజయంతీ మూవీస్ నిర్మాణం, సుమారు 600 కోట్ల ఖర్చని పత్రికలు రాశాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ టికెట్ రేటు పెంచుకోవడానికి ప్రభుత్వాలు అనుమతిచ్చాయి. మా పిల్లలు మిరపకోత కూలి డబ్బులతో ఆ టికెట్లు కొన్నారు. డబ్బు పెట్టి చూసినవాళ్ళకి మాట్లాడే హక్కు ఉంటుంది కాబట్టి మాట్లాడుకుందాం.

ఈ సినిమా విషయంలో రెండు రకాల మనుషులతో నాకు పేచీ. ఒకరు, "సినిమాని సినిమాగా చూడండి, దీంట్లోకి కూడా కులం ఎందుకు తెస్తారు" అనేవాళ్ళు. రెండోవాళ్ళు మన వాళ్ళే. పోస్టర్ మీద అశ్వత్థామ బొమ్మ చూసి, "బ్రాహ్మణవాద సినిమా, బహిష్కరించండి" అని చూడకుండానే తీర్పిచ్చినవాళ్ళు. మొదటివాళ్ళకి చివర్లో చెప్తాను. రెండోవాళ్ళకి ఇప్పుడే చెప్తున్నా: చూడని సినిమాని విమర్శించేవాడు చదవని పుస్తకానికి ముందుమాట రాసేవాడి లాంటివాడు. మన పిల్లలు చూశారు, విజిల్ వేశారు, భైరవ బొమ్మ ఫోన్లో పెట్టుకున్నారు. వాళ్ళకి అందులో ఏం దొరికిందో తెలుసుకోకుండా వాళ్ళతో ఏం మాట్లాడతాం?

ముందు ఈ జాతి సినిమాల పుట్టుక సంగతి. వీటన్నిటికీ మూలం 1898లో పుస్తకంగా వచ్చిన హెచ్.జి. వెల్స్ నవల 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'. అంగారకుడి మీది నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లండుని తగలబెడతారు. మొదటి అధ్యాయంలోనే వెల్స్ తన పాఠకులకి ఒక సంగతి గుర్తుచేస్తాడు. అంగారకుల్ని తిట్టే ముందు, టాస్మేనియాలో యూరప్ వాళ్ళు అక్కడి జనాన్ని ఏం చేశారో తలుచుకోండి అంటాడు. అంటే గ్రహాంతర దండయాత్ర కథ పుట్టుకలోనే ఒక ఒప్పుకోలు ఉంది. మనం పక్కవాడికి చేసింది రేపు మనకి ఎవరైనా చేస్తే ఎట్లా అనే భయం అది.

హాలీవుడ్ ఆ భయాన్ని ఉంచుకుని ఒప్పుకోలుని పారేసింది. 1996లో రోలండ్ ఎమరిక్ తీసిన 'ఇండిపెండెన్స్ డే' అందుకు పెద్ద ఉదాహరణ. దాని బలం దాని మొదటి భాగంలో ఉంది. ఇంకా ఒక్క తుపాకీ పేలకముందే నగరం మీద నీడ పడటం, జనం పనులాపి తలెత్తి చూడటం. ఆ నీడ భయం ఎవరికైనా అర్థమవుతుంది. దాని బలహీనత తర్వాత మొదలవుతుంది. ప్రపంచంలోని సైన్యాలన్నీ అమెరికా నుంచి సందేశం వస్తుందని ఎదురుచూస్తుంటాయి. అమెరికావాళ్ళ జూలై 4 మానవజాతి మొత్తానికి స్వాతంత్ర్య దినం అయిపోతుంది. అదే కథని 2005లో స్పీల్‌బర్గ్ ఒక రేవు కార్మికుడి కళ్ళతో తీశాడు. పిల్లల్ని పట్టుకుని జనంలో కలిసి పరిగెత్తేవాడికి దండయాత్ర ఎట్లా ఉంటుందో అందులో కనిపిస్తుంది. గుర్తుపెట్టుకోండి, కెమెరా ఎక్కడ నిలబడింది అన్నదే ఈ సినిమాల్లో అసలు ప్రశ్న.

ఆ 1996లోనే మా దగ్గర వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళని నల్లమల కొండల కింద 18 కిలోమీటర్లకి పైగా పొడవున్న జంట సొరంగాల్లో తెచ్చి ఈ కరువు నేలకి ఇవ్వాలన్నది ఆలోచన. 2024 మార్చి 6న ఆ సొరంగాల్ని జాతికి అంకితం చేశారు. మూడున్నర నెలలకి కల్కి వచ్చింది. ఆ వేసవిలో మా డ్రమ్ముల్లోకి వచ్చింది మాత్రం ట్యాంకర్ నీళ్ళే. సుంకేసుల, గుండంచర్ల, కలనూతల, గొట్టిపడియ లాంటి ఊళ్ళ పేర్లకి ముందు 'ముంపు' అనే మాట చేరి ఏళ్ళు గడిచాయి. నీళ్ళు రాకముందే వాళ్ళు మునిగారు. కొత్త ఇల్లు కట్టుకోవాలో వద్దో, చెట్టు నాటాలో వద్దో తెలియకుండా ఒక తరం పెరిగింది. ఇంతకన్నా నెమ్మదిగా నడిచే విపత్తు సినిమా నేను చూడలేదు.

ఇప్పుడు కల్కి బలాలు. దాచకుండా చెప్పుకోవాలి.

కాశీని ప్రపంచంలో మిగిలిన ఆఖరి నగరంగా, గంగ ఎండిపోయిన నగరంగా చూపించడం మొదటి బలం. నీళ్ళూ పచ్చదనం జంతువులూ అన్నీ పైన కాంప్లెక్స్‌లో దాచుకున్నారు. కింద జనం దుమ్ములో బతుకుతారు. కాంప్లెక్స్‌లోకి పోవాలంటే పది లక్షల యూనిట్లు కావాలి. ఇంత ఖర్చు పెట్టిన తెలుగు సినిమా నీళ్ళ దోపిడీని కథకి కేంద్రంలో పెట్టడం చిన్న సంగతి కాదు. మామూలుగా మన పెద్ద సినిమాల్లో కరువు అంటే పగిలిన నేల మీద హీరో అడుగుపెట్టే సీను. ఇక్కడ కరువు ఆకాశం నుంచి రాలేదు, పైనున్నవాళ్ళు తయారుచేశారు. ఆ ఒక్క మాట చెప్పినందుకు నాగ్ అశ్విన్‌కి నమస్కారం.

ఆడవాళ్ళకి నంబర్లు పెట్టడం రెండో బలం. దీపికా పదుకోన్ వేసిన పాత్రకి ప్రయోగశాలలో పేరు లేదు, సమ్-80 అనే గుర్తు ఉంది. గర్భం నుంచి తీసిన సారంతో సుప్రీమ్ యాస్కిన్ తన ప్రాణం నిలుపుకుంటాడు. అవసరం లేకపోయినా గర్భసంచి తీయించుకుని, ముప్పై ఏళ్ళకే నడుం పడిపోయిన కూలితల్లుల్ని చూసిన మనకి ఈ ఊహ కొత్తది కాదు. ఆ గది చూపించేటప్పుడు మార్కాపురం థియేటర్లో నా పక్క వరుస ఆడవాళ్ళు చప్పుడు లేకుండా కూర్చున్నారు.

మూడోది, భైరవ. ప్రభాస్ వేసిన ఈ హీరోకి సగం సినిమా దాకా లోకం సంగతి పట్టదు. ఇంటి అద్దె బాకీ, తన కారు బుజ్జి, తన యూనిట్లు, తన కాంప్లెక్స్. ఆ గోడ ఎందుకుందని అడగడు, తను గోడ అవతలికి ఎట్లా పోవాలని మాత్రమే చూస్తాడు. సినిమా మొత్తంలో నిజమైన మనిషి అతనే అనిపించింది. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

మిగతావి అందరూ చెప్పినవే. అమితాబ్‌తో తీసిన పోరాటాలు బాగున్నాయి. మొదటి సగంలో ఒక్కో ప్రముఖుడు వచ్చి మొహం చూపించి పోతుంటే కథ కూర్చుండిపోతుంది. కానీ నా అసలు తగాదా అక్కడ లేదు. అది సినిమా పేరులోనే ఉంది.

కలి. కలికాలం. ఈ మాట మన ఇళ్ళలోకి ఎట్లా వచ్చిందో చెప్తాను. మా తాత ఊరందరికీ చెప్పులు కుట్టాడు. తను మాత్రం ఊరి వీధిలోకి రాగానే చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేవాడు. ఒకరోజు, ఎందుకో ఆయనే ఎప్పుడూ చెప్పలేదు, విప్పకుండా నడిచాడు. రచ్చబండ మీద నుంచి ఒక పెద్దమనిషి అన్న మాట మా అవ్వ చనిపోయేదాకా గుర్తుచేసేది: "కలికాలం వచ్చింది." మా నాయన మొదటిసారి సైకిలెక్కినప్పుడూ అదే మాట. మా మేనత్త బడికి పోయినప్పుడూ అదే మాట.

ఆ పెద్దమనిషి తప్పు మాట్లాడలేదు. పురాణం ప్రకారమే మాట్లాడాడు. భాగవతం పన్నెండో స్కంధం తీసి చదవండి. కలియుగ లక్షణాల్లో కరువు ఉంది, పన్నుల బాధ ఉంది, దొంగ పాలకులు ఉన్నారు. వాటితోపాటు వర్ణాలన్నీ శూద్రప్రాయం అవుతాయనీ, ధర్మం తెలియని శూద్రులు పైఆసనం ఎక్కి ధర్మం చెబుతారనీ ఉంది. ఆ లెక్కన నేను డయాస్ ఎక్కి తెలుగు పాఠం చెప్పడం ప్రళయానికి గుర్తు. మీరు కింద కూర్చుని వినడం ఇంకో గుర్తు. ఇక ఈ ప్రళయాన్ని ఆపడానికి కల్కి ఎక్కడ పుడతాడు? శంభల గ్రామంలో, విష్ణుయశుడు అనే బ్రాహ్మణుడి ఇంట్లో.

అంటే ఒకరి విపత్తు ఇంకొకరి విముక్తి. మా తాత చెప్పులు అరిగిన శబ్దం రచ్చబండకి ప్రళయ ఘోష లాగా వినిపించింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. నాగ్ అశ్విన్ వర్ణం కలిసిపోయిందని ఏడవలేదు. కలి అంటే ఏమిటో మార్చాడు. వర్ణసంకరం తీసేసి నీళ్ళ దొంగతనం పెట్టాడు. ఇది పెద్ద మార్పు. కానీ రోగం మార్చినవాడు మందు మార్చలేదు. రోగం కొత్తది, మందు పాత సీసాలోదే: ఒక పవిత్ర గర్భం, దానికి కాపలాగా పురాణకాలపు వీరుడు, పుట్టబోయే అవతారం. శంభలలో కైరా లాంటి ధైర్యవంతులైన పిల్లలున్నారు. వాళ్ళు ప్రాణాలిచ్చేది నీళ్ళ కోసం కాదు, ఒక గర్భం కోసం. నంబర్లు తగిలించిన మిగతా ఆడవాళ్ళ సంగతేమిటి? వాళ్ళ కడుపుల్లో దేవుడు లేడు కాబట్టి కెమెరా వాళ్ళని దాటిపోయింది.

కర్ణుడి సంగతి ఇంకా బాధ. ఆఖర్లో భైరవ కర్ణుడని తేలుతుంది. థియేటర్ అదిరిపోయింది, నా ఒళ్ళూ జలదరించింది, అబద్ధం చెప్పను. కానీ కర్ణుడు మనకెందుకు దగ్గరవాడు? విద్య ఉన్నా సూతుడి కొడుకువి నువ్వు అని నిండు సభలో నిలదీశారు కాబట్టి. 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ'లో కొండవీటి వెంకటకవి రాసిన మాటలతో ఎన్టీఆర్ దుర్యోధనుడు కులం సంగతి సభ మొహం మీద అడిగాడు. ఇప్పటికీ మన పల్లెల్లో ఆ డైలాగులు చదువురాని ముసలాళ్ళ నోట ఉన్నాయి. నలభై ఏడేళ్ళ తర్వాత వచ్చిన కర్ణుడి చేతికి దివ్యమైన విల్లు దొరికింది. ఆ ప్రశ్న మాత్రం ఎక్కడో జారిపోయింది. అవమానం లేని కర్ణుడు వాళ్ళకి కావాలి. అటువంటివాడు మనకి బంధువు కాడు.

ఇక కాశీ. మన విద్యార్థులకి కాశీ అనగానే జాషువా గుర్తుకురావాలి. వినుకొండ నుంచి మార్కాపురం రోడ్డుకి అదే రైలు మార్గం, ఆయన మన పొరుగువాడే. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో అరుంధతీసుతుడు తన గోడు కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. మనిషి గుడిలోకి పోలేడు, గబ్బిలం పోగలదు. ఎనభై మూడేళ్ళకి 600 కోట్లు పెట్టి కాశీని మళ్ళీ కట్టారు. ఆ కాశీలో ఎన్నో రకాల జనం ఉన్నారు, కులం ఒక్కటే లేదు. కాటికాపరి ఎవరో, ఎండిన గంగ ఒడ్డున పాకీ పని ఎవరు చేస్తున్నారో సినిమాకి తెలియదు. అందరూ సమానంగా పేదవాళ్ళు. పేదరికం వస్తే కులం పోతుందనుకునే భ్రమ మనకి చాలాకాలంగా తెలుసు. నీళ్ళు తక్కువైన చోట కులం తగ్గదు. ట్యాంకర్ ముందు ఎటు తిరుగుతుందో చూడండి, తెలుస్తుంది.

కారంచేడు ఎందుకు జరిగింది? అప్పుడది మన ప్రకాశం జిల్లాలోనే ఉంది. 1985 జూలైలో మాదిగలు తాగే చెరువు నీళ్ళు మురికి చేయొద్దని ఒక కుర్రాడు అడిగాడు. వాడిని కొట్టబోతే మున్నంగి సువార్తమ్మ తన బిందె అడ్డం ఎత్తింది. ఆ బిందెకి బదులుగా మరునాడు పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆకాశం నుంచి ఎవరూ దిగలేదు, పక్క వీధి నుంచి వచ్చారు. 1927లో మహాడ్ చవదార్ చెరువు దగ్గర అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్ళి నీళ్ళు తాగాడు. అక్కడ ఎవరూ అవతారం కోసం ఎదురుచూడలేదు. నీళ్ళ కథకి మన దగ్గర ఇంత చరిత్ర ఉండగా, తెలుగులో వచ్చిన ఇంత పెద్ద నీళ్ళ సినిమాలో ఒక్క బిందె కూడా పైకి లేవలేదు. నా విమర్శ మొత్తం ఈ ఒక్క వాక్యమే.

"సినిమాని సినిమాగా చూడండి" అనేవాళ్ళకి ఇప్పుడు జవాబు. చూశాను సార్. రెండుసార్లు చూశాను. అశ్వత్థామ శాపం, ఉత్తర గర్భం, అర్జునుడి రథం తెర మీదికి తెచ్చింది మీరు. పురాణాన్ని తెచ్చినప్పుడు పురాణంలోని మనుషులూ వెంట వస్తారు. అర్జునుడు వస్తే సినిమా, సూతుడు వస్తే రాజకీయమా?

చివరికి భైరవ దగ్గరికి వచ్చాను. మా నాయన మార్కాపురం పలకల మిల్లులో దుమ్ము మింగి నన్ను చదివించాడు. నాకు డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, టౌన్లో అద్దె ఇంట్లో కుళాయి ఉంది. యూనిట్లు పోగేసి కాంప్లెక్స్‌లోకి పోయినవాణ్ణి నేను. 1956 మార్చిలో ఆగ్రాలో అంబేడ్కర్ బాధపడింది నాలాంటి వాళ్ళని చూసే. చదువుకున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూడలేదన్నాడు. సినిమా చేసిన మోసం ఏమిటంటే, భైరవ మారడానికి ఒక పూర్వజన్మ ఇచ్చింది. నాకు పూర్వజన్మ లేదు. మీకూ లేదు. మనం మారాలంటే ఈ జన్మలో, ఈ జీతంతో, ఈ చదువుతో మారాలి.

ఆ పొద్దున ట్యాంకర్ ఏడున్నరకి వచ్చింది. ఎప్పుడూ జరిగే తోపులాట జరగలేదు. ఆ ఇంటర్ పిల్ల చేతిలో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఏ ఇంటికి ఎన్ని బిందెలు, ఎవరింట్లో బాలింత, ఎవరింట్లో మంచం పట్టినవాళ్ళు, అన్నీ రాసుకుంది. పేర్లు పిలుస్తుంటే ఒక్కొక్కరే వచ్చి పట్టుకున్నారు. వెనక పేజీల్లో తేదీలున్నాయి: ట్యాంకర్ ఏ రోజు వచ్చింది, ఏ టైముకి, ఎంత నీళ్ళతో.

"ఇదెందుకమ్మా?" అన్నాను.

"ఎన్ని ట్రిప్పులకి బిల్లు రాసుకున్నారో అడుగుదామని. సమాచార హక్కు కాయితం ఎట్టా రాయాలో నీకు తెలుసుగా అన్నా?"

తెలుసు. పదేళ్ళుగా తెలుసు. ఆ పల్లెలో ఎవరికీ ఇంతవరకు రాసివ్వలేదు. వేపచెట్టు కిందే కూర్చుని రాశాం. కింద సంతకం ఆ పిల్ల వాళ్ళమ్మది, సాక్షులుగా పదకొండు మంది వేలిముద్రలూ సంతకాలూ.

తమ్ముడూ, తెలుగులో నువ్వడిగిన సినిమా ఇంకా రాలేదు. నువ్వే రాయి. అందులో పళ్ళెం ఎంత పెద్దదైనా ఉండనీ. కెమెరా మాత్రం డ్రమ్ముల వరుసలో పెట్టు. కథ నీకు తెలియకపోతే మీ చెల్లెల్ని అడుగు, ఆ నోట్‌బుక్ ఆమె దగ్గరే ఉంది.

ఆ కాయితానికి ఏం జవాబొస్తుందో, అసలొస్తుందో రాదో, వచ్చే వ్యాసంలో చెప్తాను.

జై భీమ్.